పులుసు పారబోసే వంట

తెలుగువాడు ఎంత కారమైనా తట్టుకుంటాడు గానీ, కళ్ళెదుట పులుసు పారబోస్తే తట్టుకోలేడు. లూసియానా వాళ్ళ సీఫుడ్ బాయిల్‌లో అసలు ఘట్టమే అది.

వసంతం వచ్చిందంటే మా హ్యూస్టన్‌లో ఏ పెరట్లో చూసినా క్రాఫిష్ ఉడుకుతూంటుంది. రొయ్యకీ పీతకీ పుట్టిన బిడ్డలా ఉంటుందా జీవి. లూసియానాలో బ్రో బ్రిడ్జ్ అనే ఊరికి ప్రపంచ క్రాఫిష్ రాజధాని అని 1959లో సాక్షాత్తూ శాసనసభే బిరుదిచ్చింది. ఈసారి బాయిల్ మా పెరట్లో. కాగు దగ్గర లూసియానా నుంచి వచ్చి స్థిరపడ్డ మా పొరుగాయన. కుర్చీల్లో భీమవరం నుంచి దిగిన మా అత్తయ్య గారు, మావయ్య గారు.

మావయ్య గారివి రొయ్యల చెరువులు. బస్తాలో కదులుతున్న క్రాఫిష్‌ని నడుం పట్టి పైకెత్తి, "ఎంత కౌంటండీ ఇది, కిలోకెన్ని?" అన్నారు. వరి కోశాక అదే చేలో నీళ్ళు పెట్టి వీటిని పెంచుతారని చెప్పాను. చేలు చెరువులైతే ఉప్పు ఊరుతుందన్న తగాదాల మధ్య బతికిన మనిషి, నమ్మకంలేని చూపొకటి చూశారు.

క్రాఫిష్ అంటే జంకేవాళ్ళ కోసం ఫ్రీజర్ రొయ్యలు కూడా తెచ్చాం. సంచీ మీద ఇండియా సరుకని ఉంది. మన దేశం నుంచి అమెరికా వచ్చే రొయ్యల్లో సింహభాగం ఆంధ్రావే. తాము వీసా కోసం నిలబడ్డ వరస గుర్తొచ్చిందేమో, ఆయన ఆ రొయ్యల వంక కోపంగా చూశారు.

మరిగే నీళ్ళలో ఉల్లిపాయలు, వెల్లుల్లి, నిమ్మచెక్కలు, బంగాళాదుంపలు, మొక్కజొన్న పొత్తులు, సాసేజి, దోసెళ్ళకొద్దీ ఉప్పూ కారం. క్రాఫిష్ ఉడికేది కొద్ది నిమిషాలే. పొయ్యి ఆర్పాక అరగంట దాకా నానాలి. "ఊరితేనే కదా రుచి" అని అత్తయ్య గారు మెచ్చుకున్నారు.

మెప్పు అక్కడితో సరి. పొరుగాయన జల్లి బుట్ట ఎత్తి, పేపర్లు పరిచిన బల్ల మీద అంతా గుమ్మరించి, కాగు వంచబోయాడు.

"ఆగు బాబూ!"

తెలుగు రాకపోయినా ఆగాడు. డిప్ప దాటి లోపలికి పట్టాలని అంత ఉప్పేస్తారు, తాగలేమని నేను చెబుతూనే ఉన్నాను. ఆవిడ గరిటెడు నోట్లో పోసుకుని, దగ్గి, కళ్ళు తుడుచుకుని, "నీళ్ళు కలిపితే మంచి ఎసరు" అని గిన్నెడు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళారు.

బల్ల దగ్గర కంచం లేదు, అన్నం లేదు. తోక మెలిపెట్టి తుంచాలి, తల జుర్రాలి. గోదావరి జిల్లా మనిషికి తల జుర్రడం ఒకరు నేర్పాలా? మావయ్య గారి ముందు డిప్పల గుట్ట లేచింది. మధ్యలో లెక్క కట్టారు: "పదిహేను కిలోల బస్తాకి కండ రెండు కిలోలు దాటదు అల్లుడు గారూ. ఇది కాలక్షేపం గానీ వ్యాపారం కాదండీ, ఆయ్."

అంతలో ఎర్రటి అన్నం వచ్చింది. పొరుగాయన మొదట మర్యాదకి తిన్నాడు, తర్వాత మర్యాద మరిచి తిన్నాడు.

రెండో వాయి దింపాక అతను కాగు వంచలేదు. గిన్నె తెమ్మని అత్తయ్య గారికి సైగ చేశాడు.

"అల్లుడంటే అలా ఉండాలండీ" అన్నారు మావయ్య గారు, నా వంక చూస్తూ.