పెద్ద దారి, కాల్వ గట్టు: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

మూలం

పెద్ద దారిపైన పెనులారి వెనుకాల
పొగను మింగి పోవు పుణ్యమేల?
కాల్వ గట్టు పట్టి కడుబూరు చేరరా
స్కూటరెక్కినట్టి సూక్ష్మబుద్ధి!

అవతారిక

కర్నూలు జిల్లా పడమటి కొసన, ఆదోనికీ ఎమ్మిగనూరుకూ నడుమనున్న పెద్దకడుబూరు సీమలో స్కూటరు గలవాణ్ణి ప్రతి ప్రయాణంలోనూ ఒక సందేహం పట్టుకుంటుంది. తారు దారిన పోవాలా, కాల్వ గట్టున పోవాలా? దాన్ని తీర్చడానికే ఈ పద్యం పుట్టింది. కవి ఎవరంటారా? టీక రాయాలన్న కోరిక ముందు పుట్టి, మూలం ఎక్కడా దొరక్క, టీకాకారుడే పద్యం కట్టుకున్నాడు. కొలచాల మల్లినాథసూరి వింటే ఒప్పుకోడు. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ఆయన ప్రతిజ్ఞ. మొదటి కట్టుబాటు నాకు లేదు. రెండోది ఉంటే ఈ వ్యాసమే లేదు.

వ్యాఖ్యలు ఈ నేలకు కొత్త కావు. ఎమ్మిగనూరు దాటి ఉత్తరంగా పోతే తుంగభద్ర ఒడ్డున మంత్రాలయం. అక్కడ 1671లో బృందావనం ప్రవేశించిన రాఘవేంద్రస్వామి గొప్ప వ్యాఖ్యాత. బ్రహ్మసూత్రాల మీద మధ్వాచార్యుల అనువ్యాఖ్యానం, దాని మీద జయతీర్థుల న్యాయసుధ, దాని మీద స్వామివారి పరిమళం. మా రోడ్ల మీద తారు అతుకుల్లాగా పొర మీద పొర. ఆ పొరలు మాత్రం ఇన్ని వానలకూ చెక్కు చెదరలేదు.

టీక

పెద్ద దారి: 167వ జాతీయ రహదారి. కర్ణాటకలో హగరి దగ్గర మొదలై, ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు మీదుగా వచ్చి, తుంగభద్ర దాటి, రాయచూరు, మహబూబ్‌నగర్, జడ్చర్ల పట్టుకొని కోదాడ దాకా పోతుంది. ‘పెద్ద’ అన్న మాటను వెడల్పుకు అన్వయించేవారున్నారు. అది పొసగదు. కొన్నిచోట్ల ఎదురెదురుగా రెండు పత్తి బండ్లు వస్తే స్కూటరువాడికి మిగిలేది అంచున ఉన్న కంకర మాత్రమే. కాబట్టి దూరానికే అన్వయించుకోవాలి. ఆ దారి హగరి నుంచి కోదాడకు పోయేవాడి కోసం వేసింది. చిన్నతుంబళంలో పాలక్యాను దించి, హులికన్విలో చుట్టాన్ని పలకరించి, చీకటి పడకముందే ఇల్లు చేరాలనుకునేవాడు దాని లెక్కలో లేడు.

పెనులారి: పెద్దదైన లారీ. తెలుగు మాటను ఇంగ్లీషు మాటతో కలిపితే వైరి సమాసమని పండితులు ఆక్షేపిస్తారు. వైరం ఉన్న మాట నిజమే. అది ఎవరికి ఎవరితోనో లారీ పక్కనుంచి పోయినవాడికి తెలుసు. దాటేటప్పుడు మొదట గాలి అవతలికి తోస్తుంది, లారీ తల దాటగానే లోపలికి లాగుతుంది. బండి తేలికైనకొద్దీ ఈ ఆట ఎక్కువ. ఇక ఆ లారీల నంబరు పలకల మీద కర్ణాటక అక్షరాలు అంతగా ఎందుకు కనిపిస్తాయంటే, ఆదోని తాలూకా 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా బళ్ళారి జిల్లాలోనే ఉండేది. తర్వాత జిల్లా మారింది. లారీలకు ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

వెనుకాల: ‘పక్కన’ అనకుండా ‘వెనుకాల’ అనడంలో కవి అనుభవం కనిపిస్తుంది. లారీ గుంటను తన రెండు చక్రాల నడుమ దాటించుకొని హాయిగా పోతుంది. ఆ గుంట లారీ పొట్ట కిందినుంచి ఒక్కసారిగా ఊడిపడి, వెనక వచ్చేవాడి ముందు చక్రానికి తగులుతుంది. స్కూటరుకు ఇది మరీ ప్రమాదం. పాత చేతక్‌కు చక్రం పది అంగుళాలు. మోటారు సైకిలుకు పదిహేడో పద్దెనిమిదో ఉంటాయి. పెద్ద చక్రం గుంట అంచులను ఆనుకొని మీదుగా దొర్లిపోతుంది, చిన్న చక్రం లోపలికి దిగి చూసి వస్తుంది. పైగా చేతక్‌కు ఇంజను కుడివైపున ఉండడం వల్ల బండి బరువు ఒక పక్కకు మొగ్గేది. దాన్ని నడిపినవారు ఈనాటికీ కూర్చున్న కుర్చీలో కూడా కాస్త ఎడమకు ఒరుగుతారు. హైదరాబాదు ఆల్విన్ వాళ్ళు ‘పుష్పక్’ అనే పేరుతో స్కూటరు అమ్మిన రోజులున్నాయి. పేరుకు తగ్గట్టు నేలకు తగలకుండా పోయివుంటే ఈ పద్యంతో పనే ఉండేది కాదు.

పొగను మింగి పోవు పుణ్యమేల: ‘పుణ్యం’ ఇక్కడ వ్యంగ్యం. అయితే ఈ దారిన పోయే పుణ్యాత్ములు నిజంగానే వేలమంది. గురువారం మంత్రాలయానికి పోయేవాళ్ళు. శ్రావణ మాసంలో ఉరుకుంద ఈరన్న స్వామికి మొక్కు చెల్లించడానికి ట్రాక్టర్లు కట్టుకొని పోయేవాళ్ళు. వాళ్ళ పుణ్యం వాళ్ళది, మనకు దక్కేది వాళ్ళ పొగ.

ఇక్కడ టీకాకారుడు కాసేపు నవ్వు ఆపాలి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో వందకు 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద పోయినవాళ్ళు. దేశంలోని మొత్తం రోడ్డు పొడవులో జాతీయ రహదారులు నూటికి రెండు పాళ్ళ చిల్లర. చావుల్లో వాటి వాటా మాత్రం 36 శాతం. మా జిల్లాలోనే 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున, చిన్నటేకూరు దగ్గర 44వ రహదారి మీద పడిపోయి ఉన్న మోటారు సైకిలును ఒక ప్రైవేటు బస్సు ఈడ్చుకుపోయి, మంటలు లేచి, నిద్రలో ఉన్నవాళ్ళలో పలువురు చనిపోయారు. పెద్ద దారి మీద పడినవాడికి లేవడానికి వ్యవధి ఉండదు. కవి చెప్పిన పొగ కథలో చిన్న భాగమే.

కాల్వ: తుంగభద్ర దిగువ కాల్వ, అనగా ఊళ్ళో అందరూ ‘ఎల్లెల్సీ’ అనేది. హోసపేట ఆనకట్ట దగ్గర పుట్టి, బళ్ళారి సీమ దాటి వచ్చి, ఈ పల్లెలకు నీరిస్తుంది. కాల్వ అంటే ఇక్కడ దాని పిల్లకాల్వలు కూడా.

గట్టు: అసలు ఇది దారే కాదు. కాల్వను కనిపెట్టుకునే సిబ్బంది తిరగడానికి వేసుకున్నది. దాని మీద తిరిగే హక్కు మేకలది, ఎద్దులది, ఆ తరువాత మనది. ఒకపక్క నీళ్ళు, ఒకపక్క చేలు, నడుమ స్కూటరు పట్టేంత జాగా. చీకటి పడ్డాక వెలుతురు అంటే హెడ్‌లైటే. గట్టు దిగి ఊరి దారి పడితే ఇంకో ఆటంకం: రోడ్డంతా పరిచిన కొర్ర కంకులు. కల్లం చేసుకునే ఓపిక లేని రైతు, పోయే బండ్ల చక్రాలతోనే నూర్పిడి చేయించుకుంటాడు. దాని మీద స్కూటరు జారుతుంది. అయినా తిట్టలేం. మనం నూర్చింది రేపు మన సంతకే వస్తుంది.

చేరరా: ‘రా’ అనడం చనువు. వయసులో పెద్దవారికి చెప్పేటప్పుడు ఈ ప్రాంతంలో ‘చేరప్పా’ అనాలి. అప్పుడు మూడూ గురువులై గణం చెడుతుంది, మర్యాద నిలుస్తుంది. పాఠకులు తమకు కావలసింది కాపాడుకోవచ్చు.

సూక్ష్మబుద్ధి: కొందరు పొగడ్త అంటారు, కొందరు ఎత్తిపొడుపు అంటారు. ముందు గ్యాసు బండ, వెనక ఇల్లాలు, నడుమ బిడ్డ, కొక్కేనికి కూరగాయల సంచి. ఇంత సంసారాన్ని తూకం తప్పకుండా కాల్వ గట్టున నడిపేవాడికి బుద్ధి సూక్ష్మంగా ఉండక తప్పదు. మోటారు వాహనాల చట్టం వెనక ఒక్కరినే కూర్చోబెట్టమంది. చట్టానికి గ్యాసు బండ గుర్తొచ్చినట్టు లేదు.

ఆక్షేపణ, సమాధానం

‘పెద్ద దారిన పోతే పొద్దు ఆదా కదా?’ అని పూర్వపక్షం. పెద్దకడుబూరు దూరానికి ఆదా అయ్యే పొద్దు ఒక టీ తాగేంత. ఆ టీ కూడా దాబాలో తాగుతాడు గనక మిగిలేదేమీ లేదు. ‘గట్టున పోతే టోలు తప్పుతుంది’ అని మరొకరు గట్టును వెనకేసుకొస్తారు. జాతీయ రహదారుల మీద రెండు చక్రాలకు టోలే లేదు. 2025 జూన్‌లో వేస్తారని పుకారు లేస్తే కేంద్రమంత్రి గడ్కరీ స్వయంగా కాదన్నారు. ఇక హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు ఈ చర్చకే తావివ్వదు, స్కూటరును లోపలికే రానివ్వదు.

బలమైన ఆక్షేపణ వేరే ఉంది. దానికి కవి దగ్గర జవాబు లేదు. అది రేగడి.

ఇది నల్లరేగడి నేల. నీరు తాగితే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. వేసవిలో గట్టు రాయిలా ఉంటుంది. ఒక్క పదును వాన పడనీయండి. చక్రం నాలుగు బారలు తిరిగేసరికి మట్టి టైరు నిండా ఎక్కి, మడ్‌గార్డు సందులో చేరి, బండి ఉన్నచోటే నిలిచిపోతుంది. మోటారు సైకిలు రైతు మడ్‌గార్డు ఊడదీసి ఇంట్లో పెట్టి వస్తాడు. స్కూటరుకు ఆ సౌకర్యం లేదు, వెనక చక్రం ఒంటి రేకు కిందే దాగి ఉంటుంది. పుల్ల విరుచుకొని గీకాలి, ముందుకు తొయ్యాలి, మళ్ళీ గీకాలి. ఈ నేలలో పెద్ద చక్రాల ఎక్సెల్ మోపెడు అంతగా ఎందుకు తిరుగుతుందో అప్పుడు అర్థమవుతుంది. అటుగా వచ్చిన గొర్రెల కాపరి ‘ఏమప్పా, యాడికి పోవాల?’ అని అడిగి, జవాబు వినకుండానే వెనక చెయ్యి వేస్తాడు. ఆయన సాయంతో బండి కదులుతుంది, పద్యం మాత్రం ఇరుక్కునే ఉంటుంది.

ఇంకొక మాట. పెద్ద దారి కూడా ఈ రేగడి మీదే పడుకొని ఉంది. కింద నేల ఉబ్బి, కుంగి, తారును అలలుగా లేపి చీలుస్తుంది. లారీ కింద దాగిన గుంటలకు ఒక కారణం అదే. రెండు దారులకూ మట్టి ఒకటే, ఒకటి దాన్ని తారు కింద దాచుకుంది, అంతే.

పాఠాంతరం

మూడో పాదానికి ఎమ్మిగనూరు ప్రతిలో ఇంకో పాఠం ఉంది:

వాన పడిన నాడు వడి తారు చేరరా

యతి సరిపోయింది, గణాలు సరిపోయాయి. ఏది అసలుదని ఆదోని వాళ్ళు, ఎమ్మిగనూరు వాళ్ళు వాదించుకుంటారు (ఈ వాదాన్ని కూడా టీకాకారుడే కల్పించాడు). రెండూ గ్రాహ్యమే. మృగశిర కార్తె మొదలు దీపావళి దాటేదాకా ఎమ్మిగనూరు పాఠం చదువుకోవాలి. గట్టు ఆరి, చక్రానికి మట్టి అంటడం మానినాక ఆదోని పాఠం అమల్లోకి వస్తుంది. ఆ రోజుల్లో పత్తి బండ్లు ఆదోని మార్కెట్టుకు బారులు తీరి, పెద్ద దారిలో సగం వాటికే సరిపోతుంది.