కషాయం సంగతి డాక్టరుకు చెప్పరేం?

మా రోజుల్లో చాందా (చంద్రపూర్)లో కేన్సర్ అంటే నాగపూర్ రైలెక్కడమే. బల్లార్షా గనుల కాలనీల్లోని మన తెలుగువాళ్ళు కొందరు కాజీపేట మీదుగా హైదరాబాదు ఎం.ఎన్.జె. కేన్సర్ ఆస్పత్రికి పోయేవారు. అప్పటి డాక్టరు రోగి కనురెప్ప కిందికి లాగి కామెర్ల పసుపు ఉందేమో చూసేవాడు. కుడి పక్కటెముకల కింద వేళ్ళు పెట్టి లివర్ తడిమేవాడు. "ఇంట్లో ఏం తాగిస్తున్నారు?" అని గద్దించేవాడు. జవాబు చెప్పందే గది దాటనిచ్చేవాడు కాదు.

ఇప్పుడు ప్రతి కీమో సైకిల్‌కి ముందు ఎల్.ఎఫ్.టి. (లివర్ పనితీరు పరీక్ష) చేస్తున్నారు, రిపోర్టు ఫోనుకే వస్తోంది. మంచిదే, కాదనను. బిలిరుబిన్ పెరిగితే డాక్సోరుబిసిన్, విన్‌క్రిస్టిన్ లాంటి మందుల డోసు తగ్గిస్తారు, లేదా వాయిదా వేస్తారు. వాటిని ఒంట్లోంచి బయటికి పంపేది లివరే కదా! కానీ అది ఎందుకు దెబ్బతిందో కాగితం ఒక్కటే చెప్పలేదు. ఇంట్లోవాళ్ళు నోరు విప్పాలి. విప్పరు! పొద్దున్నే స్టీలు గ్లాసుడు తిప్పతీగ కషాయం, పైన ఎవరో ఫోన్లో చెప్పిన పొడి. ఆస్పత్రిలో అడిగితే "ఏం ఇవ్వట్లేదండీ" అంటారు. తిప్పతీగ వాడి లివర్ పాడైన ఆరుగురి కేసులు ముంబయి డాక్టర్లు 2021లోనే వైద్యపత్రికలో రాశారు. ఆకుపసరైతే ఏ హానీ ఉండదన్న నమ్మకం మా కాలంలోనూ ఉండేది, ఇంకా పోలేదు. అదే నా బాధ.

హెపటైటిస్ బి సంగతి మరీ ఘోరం. ఆ వైరస్ ఏళ్ళ తరబడి ఒంట్లో కిక్కురుమనకుండా ఉండి, కీమోతో రోగనిరోధక శక్తి తగ్గగానే లేచి లివర్‌ను కబళిస్తుంది. మన హైదరాబాదు శాంతా బయోటెక్నిక్స్ 1997లో చవకగా టీకా తెచ్చింది గానీ, అప్పటికే పెద్దవాళ్ళమైన మాలో చాలామందికి అది పడలేదు. మా కాలంలో లేని మందులు, ఎంటెకావిర్, టెనోఫోవిర్, ఇప్పుడున్నాయి. ముందే మొదలుపెడితే వైరస్‌ను అణచి ఉంచుతాయి. కీమో అయిపోయాక కూడా కనీసం ఆరు నెలలు, రిటుక్సిమాబ్ అనే మందు తీసుకుంటే ఏడాదికి పైగా వాడాలి. "కీమో అయిపోయిందిగా" అని మధ్యలో మానేస్తే ప్రాణం మీదికొస్తుంది.

అందుకే అడుగుతున్నా. మొదటి కీమో సెలైన్ ఎక్కకముందే హెపటైటిస్ బి ఉందో లేదో తేల్చే హెచ్.బి.ఎస్.ఏజీ, యాంటీ హెచ్.బి.సి. పరీక్షలు చేయించండి. ఇంట్లో ఉన్న ప్రతి పొడి, కషాయం, నొప్పి మాత్ర ఒక సంచిలో వేసి డాక్టరు బల్ల మీద పెట్టండి. ఆయన అడగకపోయినా సరే, మీరే చెప్పండి.