27వ నంబరు

మా అక్కావాళ్లు ఉండేది అమెరికాలో, బాల్టిమోర్ శివార్లలో. ఓ ఏప్రిల్ మొదటివారంలో అక్కడికి వెళ్లాను. దిగిన మర్నాడు ఆదివారం. కాఫీ ఇంకా సగం కూడా కాలేదు, బావగారు ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టారు.

"సగం సీజన్ అయిపోయింది. మన టీము సంగతేంటో నీకు చెప్పాలి, కూర్చో."

ఏప్రిల్ కదా, సన్‌రైజర్స్ గురించి అనుకున్నాను.

"క్రికెట్ కాదయ్యా. మావాడి కాలేజీ లాక్రాస్ టీము."

నేనా ఆట పేరు వినడమే గానీ ఎప్పుడూ చూసింది లేదు. బావగారు ముందు ఓ వీడియో చూపించారు. జట్టుకు పదిమంది. ప్రతివాడి చేతిలో ఓ కర్ర, దాని చివర వల. మా అమ్మ బూందీ దేవే గరిటెకు పొడుగాటి కాడ తగిలించినట్టుంది. బంతి పట్టడం, మోసుకుని పరుగెత్తడం, విసరడం అన్నీ దాంతోనే. డిఫెండర్ల కర్రలైతే ఆరడుగులుంటాయి. వాటితో ఎదుటివాడి కర్ర మీదా, కర్ర పట్టుకున్న గ్లవ్స్ మీదా కొట్టొచ్చు. రూలు ఒప్పుకుంటుంది.

"ఇక్కడి మూలవాసుల ఆట ఇది" అన్నారు బావగారు. "హౌడెనొషోనీ తెగలవాళ్లు దీన్ని దేవుడిచ్చిన ఆటగా కొలుస్తారు. 2004లో మా మేరీల్యాండ్ దీన్ని రాష్ట్ర అధికారిక జట్టు క్రీడ చేసింది. 2028లో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కూడా ఉంటుంది, కాకపోతే ఆరుగురేసి ఆడే పద్ధతిలో."

బావగారు బ్యాంకులో రిస్కు లెక్కలు చూస్తారు. ఏ అప్పు మునగబోతోందో అది మునక్కముందే కనిపెట్టడం ఆయన ఉద్యోగం. ఇంట్లో పాలు ఎన్నిరోజులకు విరుగుతాయో కూడా ఆయన దగ్గర ఓ సగటు ఉంటుంది. అలాంటి మనిషికి కొడుకు ఆటగాడైతే ఏమవుతుందో ఆ షీటు చూశాక తెలిసింది. అడ్డంగా 38 మంది ఆటగాళ్లు, నిలువుగా 22 కాలమ్‌లు. పేర్లు లేవు. అన్నీ జెర్సీ నంబర్లే.

"మనవాడు ఏడీ?" అన్నాను.

"27. వాణ్ని కూడా నంబరుతోనే రాస్తాను. లేకపోతే పక్షపాతం వచ్చేస్తుంది."

మొదలుపెట్టారు. తొమ్మిది మ్యాచ్‌ల్లో ఐదు గెలిచాం, నాలుగు ఓడాం. బలం ఎక్కడంటే గోల్ ముందర. గోలీ గట్టివాడు. వాడి ముందు పొడుగుకర్రలవాళ్లు ముగ్గురూ ఒకరి ఖాళీలోకి ఒకరు జరుగుతారు, దగ్గరికొచ్చి కొట్టే చోటివ్వరు. ఎదుటివాళ్లు 80 సెకన్ల గడియారం అయిపోవస్తోందని దూరం నుంచే విసిరేస్తారు. ఆ బంతులు గోలీకి పెద్ద లెక్క కాదు.

"మరి ఓడినవి ఎందుకు ఓడాం?"

ఆ ప్రశ్న కోసమే కాచుక్కూచున్నట్టు కుర్చీ ముందుకు లాక్కున్నారు.

"ఫేసాఫ్. ఫుట్‌బాల్‌లో గోల్ పడితే బంతి పోగొట్టుకున్నవాడికే ఇస్తారు. ఇక్కడ అలా కాదు. మధ్యలో బంతి పెట్టి, ఇద్దరు చెరోవైపూ వంగి కూచుంటే విజిలేస్తారు. ఎవడు లాక్కుంటే వాడిది. అంటే గోల్ కొట్టినవాడే మళ్లీ బంతి పట్టుకుపోవచ్చు. మనవాళ్లు పదింట్లో నాలుగే గెలుస్తున్నారు. మొన్న మూడు గోల్స్ ఆధిక్యం రెండు నిమిషాల్లో ఆవిరైపోయింది. అందరూ డిఫెన్సును తిట్టారు. పాపం డిఫెన్సు చేతికి తప్ప అన్ని చేతులకూ బంతి వెళ్తుంటే వాళ్లేం చేస్తారు?"

నిజం చెప్పొద్దూ, నాకు ముచ్చటేసింది. ఏ మాటా గాలిమాట కాదు. రెండో లోపం క్లియరింగ్ అన్నారు. సొంత సగంలో దొరికిన బంతిని 20 సెకన్లలో మధ్యగీత దాటించాలి. మనవాళ్లు కంగారుపడి గీత దగ్గర పోగొట్టుకుంటున్నారు. మూడోది క్రమశిక్షణ. తప్పు చేసినవాడు అరనిమిషమో నిమిషమో బయట కూచుంటే మిగతావాళ్లు ఒకడు తక్కువగా ఆడాలి. ఓడిన నాలుగింట్లోనూ చివరి పావుభాగంలో మనవాడెవడో ఒకడు బయటే ఉన్నాడు.

"ఇంక 27?" అన్నాను.

బావగారు కళ్లజోడు సవరించుకున్నారు. "మొదటి ఐదు మ్యాచ్‌లూ ఆడాడు. తర్వాత నాలుగింట్లో సున్నా. నిమిషాలు సున్నా, షాట్లు సున్నా. కోచ్ దింపడంలేదు. కారణం నాకు తెలుసు. ఎడమచెయ్యి."

అది నాకూ తెలిసిన కథే. వీడు స్కూల్లో ఉండగా తెనాలి వచ్చాడు. ఈ ఆటలో రెండు చేతులూ ఒక్కలా పనిచేయాలట, కుడిచేతివాటం ఒక్కటే అయితే డిఫెండర్ వాణ్ని ఎడమకే తోస్తూ పోతాడట. పళ్లు తోముకోవడం దగ్గర్నుంచి అన్నీ ఎడమచేత్తో చెయ్యమని అప్పటి కోచ్ చెప్పాడు. వీడు అన్నంలో ఎడమచెయ్యి పెట్టాడు. మా అమ్మ గరిటె ఎత్తింది. "ఏ ఆటయినా కంచం దగ్గరికి రాకూడదు" అని తీర్పిచ్చింది. ఆ సాధన అక్కడితో ఆగిపోయింది.

"దాని ఫలితమే ఇది" అన్నారు బావగారు. "ప్రతి మ్యాచ్ అయ్యాక ఫోన్లో గంటసేపు చెబుతూనే ఉన్నాను. వింటాడు, ఊఁ అంటాడు. మాటే ఉండదు."

మేనల్లుడు శనివారం రాత్రి బాగా పొద్దుపోయాక వచ్చాడు. మేం లేచేసరికి నిద్రలో ఉన్నాడు. మధ్యాహ్నం భోజనాల వేళకు దిగాడు. వేళ్ల దాకా జారిన చేతులున్న వదులు స్వెట్‌షర్టు, దాని ముందరి జేబులో చెయ్యి. "బావున్నావా మామయ్యా" అని ఎడంచేత్తో భుజం తట్టి కూచున్నాడు.

ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి. అక్క వాడి కంచంలో అన్నం తనే కలిపి, చెంచా గుచ్చి, వాడి ఎడమపక్కన పెట్టింది. పంతొమ్మిదేళ్లవాడికి ఇంకా కలిపిపెట్టడమేమిటి, మరీ గారం అనుకున్నాను. వాడు ఎడమచేత్తో చెంచా తీసుకుని తినడం మొదలుపెట్టాడు. మెతుకు జారలేదు.

బావగారు నా మోకాలు తట్టారు. మొహం వెలిగిపోతోంది.

"చూశావా! నేను చెప్పింది పనిచేసింది. ఒరే నాన్నా, ఎన్నాళ్లనుంచి చేస్తున్నావురా ఇది?"

"రెండు వారాలు నాన్నా."

"అన్నీ ఎడమచేత్తోనేనా?"

"అన్నీ."

"రాయడం?"

"అదీ."

ల్యాప్‌టాప్ భోజనాల బల్ల మీదికి వచ్చింది. 27 వరసలో 'ఎడమచెయ్యి: బలహీనం' అన్న గడిని చెరిపి, 'చాలా మెరుగు' అని కొట్టి, ఎరుపు తీసి ఆకుపచ్చ రంగు వేశారు. అక్క నెయ్యి గిన్నె కింద పెట్టింది.

"ఏవండీ, వాణ్ని ఒక్కమాట చెప్పనివ్వండి."

"చెప్పనీ. ఇప్పుడిక కోచ్ దింపి తీరాలి. మిగతా ఆరు మ్యాచ్‌లూ..."

"నాన్నా" అన్నాడు వాడు. "ఎడమచెయ్యి బాగుపడలేదు. కుడిచెయ్యి లేదు, అంతే."

జేబులోంచి చెయ్యి తీసి స్వెట్‌షర్టు పైకి లాగాడు. బొటనవేలి దగ్గర్నుంచి మోచేతి కిందిదాకా నీలంరంగు ప్లాస్టర్. ఐదో మ్యాచ్ తర్వాత ప్రాక్టీసులో నేలమీది బంతి కోసం పడ్డాడట. మణికట్టులో ఎముక విరిగింది. ఆ రాత్రి వాడు చేసిన ఫోను అక్క ఎత్తింది కాబట్టి ఆవిడకు తెలుసు. నాన్నకు నేనే చెబుతానని మాట తీసుకున్నాడట.

"మరి చెప్పలేదేంరా?" బావగారి గొంతు సన్నబడింది.

"నాలుగు ఫోన్లలోనూ చెబుదామనే అనుకున్నా. నువ్వు ఫేసాఫ్‌ల దగ్గర మొదలుపెట్టేవాడివి. క్లియరింగ్ అయ్యేసరికి నాకు క్లాసుకు టైమయ్యేది."

ప్లాస్టర్ నిండా మార్కరు పెన్నుతో సంతకాలు. ప్రతి సంతకం పక్కనా ఓ జెర్సీ నంబరు. ఫేసాఫ్ పోగొట్టేవాడు, గీత దగ్గర కంగారుపడేవాడు, పెనాల్టీలో కూచునేవాడు, గోలీ, అందరూ ఉన్నారు. నేను లెక్కపెట్టాను. 37.

బల్ల దగ్గర ఎవరూ మాట్లాడలేదు. బావగారు ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కున్నారు. చివర 23వ కాలమ్ చేర్చి, పైన 'దెబ్బలు' అని టైపు చేశారు.

ఆ తర్వాత కొడుకు చెయ్యి పట్టుకుని చూశారు.