బావగారు నవ్వరు, నవ్వనివ్వరు

మా బావగారికి హాస్యమంటే ప్రాణం. అందుకే ఆయన పక్కన కూర్చుని హాయిగా నవ్వినవాడు మా ఇంటావంటా లేడు.

‘అమృతం’ పాత ఎపిసోడ్ ఏదో పెట్టారనుకోండి. మనమంతా టీవీ చూస్తాం. ఆయన మన మొహాలు చూస్తారు. జోకు ఇంకా వీధి చివర ఉండగానే ‘ఇప్పుడు చూడు, ఇప్పుడు చూడు’ అంటూ మన తొడ మీద చరుస్తారు. గుండు హనుమంతరావు నోరు తెరిచేలోగా ఆ డైలాగు ఈయన అప్పజెప్పేస్తారు. మనం నవ్వితే, ‘ఇది కాదోయ్, అసలుది వెనకాల వస్తోంది’ అంటారు. నవ్వకపోతే రిమోట్ అందుకుని వెనక్కి తిప్పుతారు. మనకి నవ్వొచ్చేదాకా తిప్పుతూనే ఉంటారు. ఈ బాధ పడలేక మా నాన్న జోకు రాకముందే నవ్వేయడం అలవాటు చేసుకున్నారు. ఎంతైనా అల్లుడు కదా, మర్యాద. దానికీ వంకే: ‘ఇక్కడ నవ్వకూడదండీ మావయ్యగారూ, ఇక్కడ నవ్వితే తరవాతది పేలదు.’

‘అమృతం’ 2001 నుంచి 2007 దాకా ఆదివారం రాత్రుళ్లు జెమినీ టీవీలో వచ్చింది. ఆ ఆరేళ్లూ మా అక్క ఆదివారం రాత్రి పెళ్లిళ్లకి ఒంటరిగానే వెళ్లొచ్చింది. ‘ఆయనకి ఒంట్లో బాగాలేదు’ అని చెప్పీ చెప్పీ, చివరికి చుట్టాలందరూ బావగారికి ఏదో మొండి రోగం ఉందని ఖాయం చేసుకున్నారు. ఉందనే నా అభిప్రాయం కూడా.

ఆ సీరియల్లో అమృతం పాత్ర శివాజీరాజాతో మొదలై, నరేష్ చేతికొచ్చి, హర్షవర్ధన్ దగ్గర తేలింది. ఆంజనేయులు మాత్రం మొదటినుంచీ చివరిదాకా గుండు హనుమంతరావే. బావగారి దృష్టిలో మనుషుల్లో ఉన్నవి మూడే కులాలు: శివాజీరాజా వాళ్లు, నరేష్ వాళ్లు, హర్షవర్ధన్ వాళ్లు. మా మేనకోడలి పెళ్లిచూపుల్లో ఆ కుర్రాణ్ణి జీతం అడగలేదు, వీసా సంగతి అడగలేదు. ‘బాబూ, మీ అమృతం ఎవరు?’ అన్నారు. ‘నేను చూసేటప్పటికి హర్షవర్ధనేనండీ’ అన్నాడతను. గది నిశ్శబ్దమైపోయింది. వాళ్లు వెళ్లాక బావగారు చాలాసేపు ఆలోచించి, ‘పిల్లాడు మంచివాడే. ఆలస్యంగా మొదలుపెట్టాడంతే’ అని సంబంధానికి ఒప్పుకున్నారు.

ఇంత విసిగించినా ఆయన మాటని కొట్టిపారేయలేం, అదొక తలనొప్పి. ‘అమృతం, ఆంజనేయులు నడిపే ఆ హోటలుకి లాభం రాకూడదోయ్’ అన్నారొకసారి. ‘వాళ్లిద్దరూ వారానికో పథకం వెయ్యాలి, అది బెడిసికొట్టాలి, వచ్చే వారానికి మళ్లీ మొదటికి రావాలి. డబ్బు కళ్లజూసిన రోజున వాళ్లు వ్యాపారస్తులైపోతారు. ఓనరు అప్పాజీకి అద్దె ఠంచనుగా అందితే మనం చూడ్డానికి ఏం మిగుల్తుంది?’ నిజమే కదా అనిపించింది. జీవితమంతా బ్యాంకులో అప్పులిచ్చే సీట్లో కూర్చుని, లాభాల కాయితాలు లేనివాణ్ణి గుమ్మంలోంచే పంపేసిన మనిషి ఈ మాట అంటున్నాడని గుర్తొచ్చాక ఇంకా నచ్చింది.

2014లో ‘అమృతం చందమామలో’ సినిమాకి నన్ను ఆయనే తీసుకెళ్లారు. బయటికొచ్చి స్కూటర్ స్టాండు తీస్తూ తీర్పు చెప్పారు: ‘హోటలు చంద్రుడి మీద పెట్టినా తప్పులేదు. గుండు హనుమంతరావు లేకుండా పెట్టకూడదు.’ 2018 ఫిబ్రవరిలో ఆ మహానటుడు పోయారు. ఆ రాత్రి బావగారు వరసగా ఎపిసోడ్లు పెట్టుకుని కూర్చున్నారు. మేమూ కూర్చున్నాం. ఒక్క డైలాగూ ముందుగా చెప్పలేదు, ఎవరి మొహమూ చూడలేదు. పిచ్చి మారాజు అనుకున్నాం. మర్నాటికి మామూలే.

2020 ఉగాదికి ‘అమృతం ద్వితీయం’ వచ్చింది. అదే రోజున లాక్‌డౌన్ మొదలైంది. ఊరంతా పప్పులూ ఉప్పులూ దొరుకుతాయో లేదో అని కంగారు పడుతుంటే, ఈయన ఫోన్ చేసి, ‘ఆంజనేయులుగా ఎల్.బి.శ్రీరామ్‌ట, ఎలా తట్టుకుంటావు?’ అని నన్ను పరామర్శించారు.

మిస్టర్ బీన్ జోలికి వెళ్లకపోవడం మంచిది. ఎపిసోడ్లు 14 అంటే, ‘క్షవరం ఎపిసోడ్ని ఏం చేశావు?’ అంటారు. 15 అంటే, ‘అది మొదట క్యాసెట్లోనే కదా వచ్చింది, టీవీలో వచ్చినవెన్ని?’ అంటారు. మధ్యేమార్గం లేదు.

నాకు ఆయనతో అసలు పేచీ టామ్ అండ్ జెర్రీ దగ్గర వచ్చింది. హన్నా, బార్బెరా అనే ఇద్దరు 1940 నుంచి 1958 దాకా తీసినవి 114. వాటికి ఏడు ఆస్కార్లు. తరవాత ఖర్చు కలిసొస్తుందని 1960ల మొదట్లో జీన్ డైచ్ అనే ఆయన చేత ప్రాగ్ నగరంలో 13 తీయించారు. ఆ పైన చక్ జోన్స్ తీసినవి 34. మొత్తం 161. బావగారి లెక్కలో మాత్రం 148. ప్రాగ్‌లో తీసినవి ఆయన దృష్టిలో పుట్టనే లేదు. ఆ శబ్దాలు నూతిలోంచి వస్తున్నట్టు ఉంటాయట, పిల్లి యజమాని ఆ బట్టతలాయన పిల్లిని మరీ క్రూరంగా బాదుతాడట.

రెండో తరగతి చదివే మా వాడు ఓ రోజు ఆ పదమూడింట్లో ఒకటి పెట్టుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతున్నాడు. బావగారు స్నానాల గదిలో ఉన్నారు. శబ్దాన్ని బట్టే పట్టేశారు. ‘ఎవర్రా ఆ ప్రాగ్ బొమ్మ పెట్టింది?’ అని లోపల్నించే కేక. తువ్వాలు చుట్టుకుని వచ్చి టీవీ కట్టేసి, ‘ఇందులో నవ్వడానికి ఏముందిరా?’ అని నిలదీశారు.

‘పిల్లి పడింది కదా మావయ్యా’ అన్నాడు వాడు.

నలభై ఏళ్ల పాండిత్యం దానికి జవాబు చెప్పలేకపోయింది. కానీ టీవీ మళ్లీ పెట్టనూ లేదు. అదే నాకు మండింది.

ఇప్పుడు ఆ 13నీ మా వాడి ట్యాబులో వేసిచ్చాను. బావగారు వచ్చినప్పుడల్లా వాడు చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఓ మూల కూర్చుంటాడు. పకపకా నవ్వుతాడు. శబ్దం బయటికి రాదు, తెర కనబడదు. బావగారు పేపరు తిరగేస్తారు, మంచినీళ్లకని లేస్తారు, కుర్చీ అటు జరుపుతారు, ఇటు జరుపుతారు. చివరికి ఉండబట్టలేక మా అక్కని పంపిస్తారు, వాడు చూస్తున్నది ఏ సంవత్సరందో కనుక్కురమ్మని.