ఎండు లెక్క, తడి కూర
ఇల్లందు లాంటి ఊళ్లకు కూడా 'మొక్కల మాంసం' కొత్తేమీ కాదు. కిరాణా కొట్లో మీల్‌మేకర్‌గా ఎన్నాళ్లనుంచో ఉంది, పాపం ఫ్రీజరు భోగమే లేదు. పొట్లం మీద 100 గ్రాములకు 52 గ్రాముల ప్రొటీన్ చూపించి కోడిని సిగ్గుపడమంటారు. ఆ లెక్క ఎండు ముక్కది. నానితే నీళ్లు తాగి లావెక్కుతుంది, ప్రొటీన్ ఇంచుమించు మూడో వంతుకు దిగుతుంది. ఉడికిన కోడి రొమ్ముముక్కలో 30 గ్రాముల దాకా ఉంటుంది. కొలెస్ట్రాల్ లేదు, పీచుంది కదా అంటారా? నిజమే, పీచు కోడి ఇవ్వలేదు. కానీ బి12 విడిగా కలిపితేనే ఉంటుంది, ఇనుమున్నా ఒంటికి పట్టేది తక్కువ. ఇక ఖరీదైన మొక్కల మాంసం ప్యాటీల్లో చాలావాటికి ఉప్పు, కొబ్బరినూనె దండిగా దట్టిస్తారు. ఆ నూనెలోని సంతృప్త కొవ్వు చెట్టు మీంచి దిగింది కాబట్టి గుండె దాన్ని చుట్టమనుకోవాలి కాబోలు!