సుంకరి గుడిసె ముందు తెల్లవారింది

లంచానికి మనం పెట్టుకున్న పేర్లలో 'మామూలు' అంత నిజాయితీ గల పేరు మరొకటి లేదు. అరబ్బీలో పుట్టి, ఉర్దూ మీదుగా మన కచేరీల్లోకి వచ్చిన ఈ మాటకు అసలు అర్థం ఆనవాయితీ, ఎప్పుడూ జరిగేదే అని. ఒంట్లో ఎలా ఉందని అడిగితే మామూలుగానే ఉందంటాం. లారీ ఆపినవాడికి ఏమిచ్చావని అడిగితే మామూలే ఇచ్చానంటాం. రెండు జవాబులూ ఒకే గొంతుతో వస్తాయి. 'లంచం' అనేటప్పుడు కనీసం చుట్టూ చూసి గొంతు తగ్గిస్తాం, మామూలుకు ఆ అవసరం కూడా లేదు. ఇచ్చేవాడికి రేటు తెలుసు, పుచ్చుకునేవాడికీ తెలుసు. దరఖాస్తు లేదు, జిరాక్సు కాపీలు లేవు, సర్వర్ డౌన్ అనే మాటే లేదు. ప్రభుత్వ సేవలన్నిటిలోకీ చెప్పిన టైముకు అందేది ఇదొక్కటే అంటే ఎవరూ కాదనలేరు. అందుకని రాష్ట్ర సరిహద్దు చెక్‌పోస్టుల్లో దశాబ్దాలుగా నడిచిన ఈ ఏర్పాటును అవినీతి అనేసి చేతులు దులుపుకోవడం దానికి అన్యాయం చేయడమే. అదొక వ్యాపారం. వ్యాపారంగా చూస్తేనే అది ఎందుకు బతుకుతోందో, ఏం చేస్తే మూతపడుతుందో తెలుస్తుంది.

వ్యాపారమన్నాక సరుకుండాలి కదా. చెక్‌పోస్టులో అమ్మే సరుకు అనుమతి కాదు. పర్మిటు, ఫిట్‌నెస్, పన్ను అన్నిటికీ లారీ యజమాని ముందే డబ్బు కట్టేసి ఉంటాడు. అక్కడ అమ్మేది సమయం, అదీ మన సమయాన్నే మనకు. పశ్చిమ గోదావరి చెరువుల్లో పట్టి ఐసు వేసి ఎక్కించిన చేప బెంగాల్ దాకా, అస్సాం దాకా వెళ్లాలి. మదనపల్లె టమాటా మెత్తబడకముందే మార్కెట్‌లో దిగాలి. గేటు దగ్గర కూర్చున్నాయన లారీని పట్టుకోనక్కర్లేదు, కేసు రాయనక్కర్లేదు, కోప్పడనక్కర్లేదు. "పక్కన పెట్టు" అంటే చాలు. మిగతా పని ఐసే చూసుకుంటుంది, కరుగుతూ. కరిగే ఐసుకన్నా మామూలు చవక అని డ్రైవరుకు ఎవరూ లెక్క చెప్పక్కర్లేదు. అందుకే 'సుంకరి దగ్గర సుఖదుఃఖాలు చెప్పుకున్నట్టు' అనే సామెత పుట్టింది. సుంకరి చెడ్డవాడని కాదు, సుఖదుఃఖాలు వినడం ఆ కొట్లో అమ్మే సరుకు కాదని.

ఈ కొట్టు టర్నోవరు చిన్నదేం కాదు. సేవ్‌లైఫ్ ఫౌండేషన్ 2020లో వెలువరించిన సర్వేకు విజయవాడ సహా పది నగరాల్లో పన్నెండు వందల పైచిలుకు డ్రైవర్లను అడిగారు. వారిలో 82 శాతం మంది, కిందటి ట్రిప్పులో దారిలో ఎవరికో ఒకరికి సమర్పించుకున్నామనే చెప్పారు. సగటున ట్రిప్పుకు 1,257 రూపాయలు. దేశం మొత్తానికి కడితే ఏడాదికి 48 వేల కోట్లని ఆ సంస్థ అంచనా. ఇది రవాణా శాఖ ఒక్కదాని వాటా కాదు, పోలీసుల వాటా ఇంకా పెద్దది. అంకెలకన్నా గొప్ప సాక్ష్యం తెలంగాణ సరిహద్దు చెక్‌పోస్టుల మీద ఏసీబీ దాడుల వార్తల్లో ఉంది. సోదాకు వచ్చిన అధికారులు లోపల కూర్చొని ఉండగానే డ్రైవర్లు ఒకరి వెనక ఒకరు వచ్చి, డబ్బు పెట్టాల్సిన చోట పెట్టేసి, వెళ్లిపోయారట. కుర్చీలో ఎవరున్నారో తలెత్తి చూడలేదు. హుండీలో కానుక వేసేవాడు పూజారి మారాడా అని చూస్తాడా?

ఇంత శ్రద్ధగా నడిచే వ్యాపారాన్ని ఆర్థికవేత్తలు వదిలిపెడతారా? బెంజమిన్ ఓల్కెన్, పాట్రిక్ బారన్ అనే ఇద్దరు ఇండోనేషియాలోని అచే ప్రాంతపు రోడ్ల మీద 2005, 2006 సంవత్సరాల్లో తమ మనుషులను లారీలెక్కించారు. వాళ్లు డ్రైవరు పక్కన సహాయకుల్లా కూర్చొని, ఎక్కడ ఎంత ఇచ్చారో రాసుకున్నారు. మొత్తం 304 ప్రయాణాల్లో ఆరు వేలకు పైగా చెల్లింపులు, అంటే ట్రిప్పుకు సుమారు ఇరవై. పుచ్చుకునేవాడి దగ్గర తుపాకీ కనిపిస్తే ధర ఎక్కువ పలికింది. ఒక దారిలోనైతే గమ్యం దగ్గరపడే కొద్దీ రేటు పెరిగింది, ఇంత దూరం వచ్చినవాడు వెనక్కి పోలేడు గదా. కొన్నిచోట్ల ముందుగా కూపన్ కొనుక్కునే సదుపాయం కూడా ఉంది. మన హైవేల మీద నెలవారీ 'ఎంట్రీ' కట్టే లారీ యజమానులకు ఈ ముక్క విడమరచి చెప్పనవసరం లేదు. ఆ రోజుల్లోనే అక్కడ తిరుగుబాటుదారులతో శాంతి ఒప్పందం కుదిరి, ముప్పై వేలకు పైగా సైనికులు, పోలీసులు విడతలవారీగా వెళ్లిపోయారు. వాళ్లతో పాటే వాళ్ల చెక్‌పోస్టులూ పోయాయి. లారీలకు మొత్తం ఖర్చు తగ్గింది. అయితే మిగిలిన పోస్టుల్లో ఉన్నవాళ్లు ఊరుకోలేదు, తలా కాస్త రేటు పెంచారు. పది కొట్లలో ఐదు మూసేస్తే మిగిలిన ఐదింటికీ గిరాకీ పెరగడం ఏ సంతలోనైనా జరిగేదే. ఆ లారీ ఆపినవాళ్లలో ఎవరూ మంచివాళ్లు కాలేదు, చెడ్డవాళ్లూ కాలేదు. కొట్ల లెక్క మారింది, ధర మారింది. గుణం గురించిన ఉపన్యాసాలన్నీ అక్కడ ఎందుకూ కొరగాలేదు.

ఈ మాటంటే వెంటనే వచ్చే మొదటి అభ్యంతరం పెద్దమనుషుల నుంచి: "పోనీలెండి, నాలుగు డబ్బులిస్తే పని తొందరగా అవుతుంది కదా, బండి చక్రానికి కందెన లాంటిది." కందెన వాదం వినసొంపుగా ఉంటుంది. కానీ చక్రానికి అడ్డం రాయి పెట్టేదీ, కందెన అమ్మేదీ ఒకే చెయ్యి అయినప్పుడు ఎంత కందెన కొంటే అంత పెద్ద రాయి దొరుకుతుంది. దీన్ని 1964లో సంతానం కమిటీ మన దేశంలోనే గుర్తించింది: కాగితం తొందరగా కదలడానికి డబ్బిచ్చే అలవాటు, కాగితాన్ని కావాలని ఆపడానికి కారణమవుతోందని. 1999లో కౌఫ్‌మన్, వెయ్ అనే ఇద్దరు పరిశోధకులు అనేక దేశాల కంపెనీల లెక్కలు తీస్తే, ఎక్కువ లంచాలిచ్చే కంపెనీలవాళ్లే అధికారుల దగ్గర ఎక్కువ కాలం గడుపుతున్నట్టు తేలింది. ఇచ్చేవాడని తెలిశాక ఎవరు తొందరగా వదులుతారు?

రెండో అభ్యంతరం దయామయుల నుంచి: జీతాలు చాలక పుచ్చుకుంటారు పాపం, జీతం పెంచితే మానేస్తారని. ఈ ప్రయోగాన్ని ఘనా దేశం మన కోసం చేసిపెట్టింది. 2010లో అక్కడి పోలీసుల జీతాలు ఇంచుమించు రెట్టింపు చేశారు. ఫోల్ట్జ్, ఒపోకు-అగ్యెమాంగ్ అనే పరిశోధకులు పక్కనున్న బుర్కినాఫాసోతో పోల్చి, రెండు వేలకు పైగా దూరప్రయాణపు లారీ ట్రిప్పులను లెక్కగట్టారు. జీతం పెరిగాక ఘనా పోలీసులు లంచం కోసం పడే శ్రమ పెరిగింది, ఒక్కొక్కరు రాబట్టే మొత్తమూ పెరిగింది. హోదా పెరిగాక పాత రేటుకు చెయ్యి చాపడం నామోషీ అనిపించిందేమో! జీతాలు పెంచొద్దని నేననను. జీతం పెంచడం ఉద్యోగికి న్యాయం, చెక్‌పోస్టుకు మందు కాదు.

మూడోది బలమైన అభ్యంతరం, దాటవేయడానికి వీల్లేదు. లారీవాళ్లేం సత్యహరిశ్చంద్రులా? పది టన్నుల బండికి పదిహేను టన్నులు ఎక్కిస్తారు, ఫిట్‌నెస్ గడువు దాటిపోతుంది, బ్రేకులు దేవుడి దయ. ఆపేవాడు లేకపోతే ఆ బండి ఎవరి మీద పడుతుంది? నిజమే. కానీ ఆపినవాడు ఏం చేస్తున్నాడన్నదే ప్రశ్న. అచేలో తూనిక కేంద్రాలున్నదే అధిక బరువును ఆపడానికి. అక్కడ జరిగిందేమిటంటే బరువెక్కువున్న లారీ కేంద్రానికి కొంత సమర్పించుకొని అదే బరువుతో ముందుకు సాగిపోయింది. కాగితాలు సరిగా ఉన్నవాడి దగ్గర సమయం అమ్ముకొని, సరిగా లేనివాడి దగ్గర చట్టాన్ని అమ్ముకునే కొట్టును రోడ్డు భద్రత పేరు మీద కాపాడడం ఎవరి భద్రత కోసం? మామూలు ఇచ్చినంత మాత్రాన బ్రేకులు బాగుపడవు. పైగా ఇద్దరూ ఒకే రేటు ఇస్తున్నప్పుడు కాగితాలు సరిగా పెట్టుకున్నవాడు ఒట్టి పిచ్చివాడిగా మిగులుతాడు.

కనుక కొట్టు మూయాలి. ప్రభుత్వాలకూ ఇది కొంత ఆలస్యంగానే అయినా తెలిసింది. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక సరిహద్దుల్లో అమ్మకం పన్ను చెక్‌పోస్టులు చాలావరకు లేచిపోయాయి. మరుసటి ఏడాది ఏప్రిల్ నుంచి అంతర్‌రాష్ట్ర సరుకుకు ఈ-వే బిల్లు వచ్చింది. బండి వివరాలు వాహన్‌లో, డ్రైవరు వివరాలు సారథిలో, టోలు ఫాస్టాగ్‌లో. అన్నీ కంప్యూటర్లో ఉన్నాక కాగితం చేత్తో పట్టుకొని చూడాల్సిన అవసరం ఎవరికి? గుజరాత్ 2019లో తన 16 రవాణా చెక్‌పోస్టులనూ ఎత్తేసింది. మధ్యప్రదేశ్ 2024 జులై 1న ఎత్తేసింది. తెలంగాణ 2025 అక్టోబరులో, ఏసీబీ దాడులు జరిగిన కొద్ది రోజులకే, సాయంత్రం ఐదు గంటలకల్లా గేట్లు తీసేయమంది. బారికేడ్లు తీసేస్తున్నారంటే ఎవరికైనా చప్పట్లు కొట్టాలనే ఉంటుంది.

అయితే మన శాస్త్రాల్లో ఘట్టకుటీ ప్రభాత న్యాయమని ఒకటుంది. సుంకం తప్పించుకుందామని అడ్డదారి పట్టిన వర్తకుడు చీకట్లో రాత్రంతా నడిచి, తెల్లవారేసరికి సరిగ్గా సుంకరి గుడిసె ముందే తేలాడట. ఇప్పుడు రాత్రంతా నడుస్తున్నది వర్తకుడు కాదు, ప్రభుత్వం. మధ్యప్రదేశ్‌లో చెక్‌పోస్టులు పోయి చెక్‌పాయింట్లు వచ్చాయి. పోస్టుకూ పాయింటుకూ తేడా వ్యాకరణ పండితులు చెప్పాలి. 2024 డిసెంబరులో భోపాల్ శివార్లలో వదిలేసిన ఓ కారులో 52 కిలోల బంగారం, దాదాపు 11 కోట్ల నగదు దొరికాయి. దర్యాప్తు సంస్థలు వాటిని ఒకప్పుడు రవాణా శాఖలో కానిస్టేబుల్‌గా పనిచేసి మానేసిన వ్యక్తితో ముడిపెట్టాయి. చెమటోడ్చి సంపాదించిందేనని నిరూపణ అయితే ఆ కానిస్టేబుల్‌ను రిజర్వు బ్యాంకు గవర్నరును చేయాలి. ఇక మన తెలంగాణలో గేటు స్థానంలో నంబరు ప్లేటును చదివే కెమెరాలు పెడతామంటున్నారు, వాటితో పాటు సంచార బృందాలు తిరుగుతాయంటున్నారు. కెమెరాకు చెయ్యి లేదు గనుక చాపదు. సంచార బృందానికి చేతులున్నాయి, పైగా చక్రాలున్నాయి. గుడిసె ఒకచోట ఉంటే కనీసం ఎక్కడుందో డ్రైవరుకు తెలుసు. గుడిసే ఎదురొస్తే తెల్లవారడం కోసం ఎదురుచూడాల్సిన పని కూడా లేదు.

బృందాలు తిరగొద్దని కాదు. కెమెరా పట్టిన తప్పుకు జరిమానా నేరుగా యజమాని ఫోనుకు పోవాలి. ఆపాల్సిన బండిని కంప్యూటరు చెప్పాలి గానీ ఆపేవాడి కన్ను కాదు. ఎందుకు ఆపారో, ఎంతసేపు ఆపారో అక్కడికక్కడే నమోదు కావాలి. అంటే 'పక్కన పెట్టు' అనే మాటకు ధర పెట్టాలి, ఈసారి అన్నవాడి వైపు నుంచి. ఇది కంప్యూటర్లు వచ్చాక పుట్టిన ఆలోచన కాదు. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో రాతి స్తంభం మీద అభయ శాసనం చెక్కించాడు. మునుపటి రాజులు తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా లాక్కునేవారట. ఇకమీదట నిర్ణయించిన సుంకం తప్ప ఏమీ తీసుకోమని, అది ముప్పయ్యింట ఒక వంతని ఆయన వర్తకులకు మాట ఇచ్చాడు. ఆ రాయిలో అధికారులకు నీతిబోధ లేదు. మాట ఇచ్చింది వర్తకులకు, చెక్కింది అందరూ చదివేచోట. ఎంతివ్వాలో ఇచ్చేవాడికి తెలిస్తే ఎంత అడగాలో అడిగేవాడు ఆలోచించుకుంటాడని ఆ రాజుకు ఏ విశ్వవిద్యాలయమూ చెప్పలేదు.

చివరగా, ఇచ్చేవాడు లేకపోతే పుచ్చుకునేవాడుండడు, తప్పంతా జనానిదే అనే వాదం. ఇది చట్టానికి కూడా నచ్చింది. 2011లో కేంద్ర ప్రభుత్వ ముఖ్య ఆర్థిక సలహాదారుగా ఉన్న కౌశిక్ బసు దీనికి పూర్తిగా ఎదురు సలహా ఇచ్చారు: న్యాయంగా రావాల్సిన దానికి వేధించి పుచ్చుకునే లంచంలో ఇచ్చేవాడిని నేరస్థుడిని చేయకండి, అప్పుడే వాడు బయటికొచ్చి చెబుతాడు అని. నానా గొడవ జరిగింది. 2018లో అవినీతి నిరోధక చట్టాన్ని సవరించినప్పుడు ఇచ్చినవాడికీ ఏడేళ్ల వరకు జైలు పెట్టారు. బలవంతం మీద ఇచ్చినట్టయితే ఏడు రోజుల్లోగా ఫిర్యాదు చేసి బయటపడొచ్చట. ఇస్తే ఏడేళ్లు, చెబితే ఏడు రోజులు. తెలుగులో 'ఏడు' అనే మాటకు అంకె కాక ఇంకో అర్థం కూడా ఉండటం యాదృచ్ఛికం కాకపోవచ్చు. అరగంట కోసం మామూలు ఇచ్చినవాడు ఫిర్యాదు కోసం వెనక్కి తిరిగి, వాంగ్మూలం ఇచ్చి, సాక్షిగా వాయిదాలకు తిరగాలి. హైదరాబాద్ నుంచి ఢిల్లీ దాదాపు 1,600 కిలోమీటర్లు. సరుకు లారీ రోజుకు మూడు, నాలుగు వందల కిలోమీటర్లు నడుస్తుంది. అది ఢిల్లీ వెళ్లి తిరిగొచ్చేసరికి చట్టం ఇచ్చిన గడువు దాటిపోయి ఉంటుంది.