నారా మృగసంఘాధిపతులకు బహిరంగ లేఖ

నారా నగరోద్యానమున స్వేచ్ఛావిహారము సలుపు మృగసంఘాధిపతులగు జింకల దివ్యసముఖమునకు ఒక ఒంటరి బాటసారి సవినయముగా చేసికొను విన్నపము.

టోక్యో, క్యోటో నగరములలో ఏకాకిగా తిరిగి తమ పురము చేరినవాడను. ఆ నగరములలో ఒంటరివానికి జరుగు మర్యాద ఎట్టిదనగా, వాడు దినమంతయు నోరు మెదపకయే సుఖముగా కాలము గడుపవచ్చును. రామెన్ అంగడి వాకిట యంత్రములో నాణెములు వేసి మీట నొక్కినచో చీటీ వచ్చును. చీటీ నిచ్చి, ఇరుప్రక్కల చెక్క అడ్డులు గల పీటపై కూర్చున్నచో, తెరచాటునుండి రెండు చేతులు మాత్రము వచ్చి పొగలు గ్రక్కు గిన్నెను ముందుంచి మాయమగును. 200కు పైగా వాకిళ్లు గల షింజుకు స్టేషనులో దారి తప్పినవానికిని బాణపు గుర్తులే దిక్కు. రైలెక్కిన అరగంటలో తోటి ప్రయాణికుని ఊరు, ఉద్యోగము, పెండ్లి ముచ్చట రాబట్టు దేశమునుండి వచ్చిన నాకు ఈ మౌనము మొదట పరమసుఖముగను, పిదప కొంత వెలితిగను తోచినది.

అట్టి నన్ను అడ్డగించి, సంచి సోదా చేసి, చొక్కా అంచు పట్టి లాగిన మొదటి అధికారులు తమరే. తమ అధికారమును నేను శంకించుట లేదు. కషిమానుండి తకెమికజుచి దేవుడు తెల్లని జింకనెక్కి ఇచ్చటికి వేంచేసెనను ఐతిహ్యమువలన తమకు దైవదూతల పదవి పూర్వమే సంక్రమించినది. 1957లో ప్రభుత్వమువారు తమను ప్రకృతి స్మారకముగా ప్రకటించినారు. ఇంతయైనను తమకు యజమాని లేడు, దొడ్డి లేదు. ఇట్టి ఉద్యోగము మా ఊళ్లలో ఎవరికిని దొరకదు.

నా అభ్యంతరమెల్ల పన్ను వసూలు చేయు పద్ధతిపైననే. తవుడు, పిండి కలిపి తమకొరకే కాల్చిన సెంబే బిళ్లల కట్ట కొని, దాని కాగితపు పట్టీని విప్పునంతలోనే తమలో నొకరు వచ్చి శిరస్సు వంచి నమస్కరించిరి. నేనును ప్రతినమస్కారము చేసితిని. వారు మరల వంచిరి, నేనును వంచితిని. మూడవ మర్యాదకు వ్యవధి లేదు. వెనుకనుండి మరియొకరు నా జేబునుండి కాగితమొకటి లాగి నమలసాగిరి. అది నా బస చిరునామాను అచ్చటి గుమాస్తా జపానులిపిలో వ్రాసి యిచ్చిన చీటీ. కట్టకు చుట్టు పట్టీని తమరు మ్రింగినను హాని లేకుండునట్లు తయారు చేసినారనియు, దాని రాబడి తమ సంరక్షణకే పోవుననియు ఎరుగుదును. కాని అంతమాత్రమున లోకమందలి కాగితమెల్ల తమ పన్నురసీదే యని భావించుట న్యాయమా? 2019లో చనిపోయిన తమవారిలో ఒకరి కడుపునుండి నాలుగు కిలోలకు పైగా ప్లాస్టిక్కు బయటపడినదికదా! ఈ విషయమున మాత్రము నేను పరిహాసమాడుట లేదు. సంచుల పారవేసిన నేరము మా జాతిదే. వాసన చూచి విడిచిపెట్టుడని వేడుకొనుచున్నాను.

ఇక హక్కుల ప్రశ్న. తమ దేవుని కసుగా ఆలయము వెలసినది 768లో. మా దేశపు భిక్షువు బోధిసేనుడు 736లోనే ఈ దేశమున అడుగిడెను; 752లో ఇచ్చటి తోదైజి ఆలయపు మహాబుద్ధునికి కన్నులు దిద్దినవాడు అతడే. కన్నులు దిద్దిన కుంచెకు కట్టిన దారమును సభికులు పట్టుకొని ఆ పుణ్యమున పాలు పంచుకొనిరట. కావున తమ దేవాలయముకన్న 32 ఏండ్లు ముందుగా మావాడిచ్చట నివాసి. గౌతమబుద్ధుడు తొలుత ధర్మము బోధించినదియు మా సారనాథము మృగదావమునందే యగుటచే, మనకు చుట్టరికము కూడ కలదని మనవి.

తోదైజి మహాబుద్ధుని మందిరమున ఒక స్తంభము మొదట, విగ్రహపు నాసికారంధ్రమంత యని చెప్పుకొను తొఱ్ఱ యొకటి కలదు. దానిలో దూరి వెలువడినవానికి జ్ఞానము లభించునట. పిల్లలు కుందేళ్లవలె దూరిపోవుచుండ నేను చాలసేపు నిలుచుండి చూచితిని. ఇరుకుకొన్నచో కాళ్లు పట్టి లాగు బంధువు వెంటలేనివానికి జ్ఞానముకన్న నడుము ముఖ్యమని తోచి వెనుదిరిగితిని.

తదుపరి మజిలీ మియాజిమా. అచ్చట తమ జ్ఞాతులున్నారు; వారికి తిండి పెట్టరాదని నిషేధము. ఇచ్చట పన్ను సంపూర్ణముగ, చిరునామాతో సహా, చెల్లించితినని వారికొక సిఫారసు పంపి, ఆ దీవిలో నా సంచికి సోదా లేకుండ అనుగ్రహింప ప్రార్థన. పడవ రేపు ఉదయముననే.

ఇట్లు విధేయుడు,
ఒక తెలుగు యాత్రికుడు